ఇంటికి గదిని చేర్చుట : అనుమతి నిబంధనల చరిత్ర

క్రొత్త ఇల్లు కట్టువాడు ఖాళీ నేలను చూచి కట్టును. ఉన్న ఇంటికి గదిని చేర్చువానికి అట్టి వెసులుబాటు లేదు. ప్రక్క ఇంటి కిటికీ, వీధిలోని మురుగుకాలువ, వెనుకనున్న పెరడు, పాత గోడ మోయగల బరువు, ఇవి అన్నియు వాని గదికంటె ముందే అచ్చట ఉన్నవి. క్రొత్త గది వీనిలో ఏదో ఒకదానినుండి కొంత చోటు తీసికొనక తప్పదు. అయినను గది కావలసిన సందర్భములు ఆగునవి కావు. కొడుకునకు పెండ్లి అయినప్పుడు, అన్నదమ్ములు వేఱు పడినప్పుడు, వృద్ధులైన తల్లిదండ్రులు పల్లెనుండి వచ్చి చేరినప్పుడు, పిల్లల చదువునకు ఒక మూల అవసరమైనప్పుడు గృహస్థుడు మొదట తలచునది క్రొత్త ఇంటిని గాదు, ఉన్న ఇంటికి ఒక గదిని. కావున కట్టడముల శాసనము సామాన్య కుటుంబమును తఱచుగా తాకునది ఈ చోటనే.

ఈ విషయమున రెండు అభిప్రాయములు వినవచ్చుచుండును. తన నేలలో తాను గది వేసికొనుటకు ఒకరి అనుమతి ఏల, ఇది ఆంగ్ల ప్రభుత్వము తెచ్చిపెట్టిన బంధము అనునది మొదటిది. పురపాలక సంఘముల నిబంధనలు అన్నియు కౌటిల్యుని అర్థశాస్త్రమునందే కలవు, మనకు ఇందు క్రొత్త ఏమియు లేదు అనునది రెండవది. ఈ రెండును చరిత్రముముందు పూర్తిగా నిలువవని మా తలంపు. హద్దు మన దేశమున ప్రాచీనకాలమునుండియు ఉన్నది. ముందస్తు అనుమతి మాత్రము అర్వాచీనము. ఈ భేదమును గుర్తింపనిచో నేటి నిబంధనలలో ఏది విడువదగినదో, ఏది కాపాడుకొనదగినదో నిర్ణయించుటకు వీలు గాదు. అందువలన ఈ వ్యాసమున మేము మూడు ప్రశ్నలను పట్టుకొని విషయమును పరిశీలింపనున్నాము. గదిని చేర్చుటకు అనుమతి ఎవరు ఇచ్చిరి? దేనిని కొలిచి ఇచ్చిరి? ప్రక్క ఇంటివానికి అందు ఏ స్థానము కలిగెను?

ఇల్లు, గది

ముందుగా మాటలను గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. తెలుగున గదిని గూడ ‘ఇల్లు’ అని చెప్పుట కలదు. వంటిల్లు, పడకటిల్లు, నట్టిల్లు, పురిటిల్లు అను మాటలలోని ఇల్లు ఒక్కొక్కటి ఒక వేఱు కట్టడము కానక్కఱలేదు; ఒకే కప్పు క్రింది భాగము కావచ్చును, పెరటిలో విడిగా వేసిన పాకయు కావచ్చును. అనగా గదిని చేర్చుట మన భాషలో ఇంటికి మఱియొక ఇంటిని చేర్చుటయే. ఆ పనిని చెప్పు క్రియలును గమనింపదగినవి. వసారా ‘దించుదురు’, పాక ‘వేయుదురు’, మేడ ‘ఎత్తుదురు’. దించుట అనగా ఉన్న గోడనుండి కప్పును వాలుగా క్రిందికి తెచ్చుట. అట్లు దించిన కప్పు ఎచ్చట ఆగునో అచ్చట చూరు ఉండును. చూరునీరు ఎవరి నేలపై పడుననునది గ్రామములలో ఇంటి తగాదాలకు పాత మూలము. గది ఎంత పెద్దది అనుటకంటె దాని నీరు ఎటు పోవును అనుటయే అచ్చట ముఖ్యమైన ప్రశ్న.

కట్టడపు తీరు మాఱినకొలది చేర్పు తీరును మాఱును. కోస్తా జిల్లాలలోని మండువా లోగిలికి గాలియు వెలుతురును లోపలి నుండి వచ్చును. నాలుగు వైపుల కప్పులు నడిమి మండువాలోనికి వాలును. అట్టి ఇండ్లు వీధిలో గోడకు గోడ ఆనుకొని నిలువగలవు. ఆ లోగిలిలో గది కావలసివచ్చినచో వసారాకు గోడ పెట్టుదురు, లేదా మండువా పైననే కప్పు వేయుదురు. నష్టము కలిగినచో తన ఇంటికే కలుగును. రాయలసీమలోని మిద్దె ఇండ్లలో క్రొత్త గది పాత గోడను పంచుకొనును. చుట్టును ఖాళీ స్థలము విడిచి కట్టు బంగళా పద్ధతి వచ్చిన తరువాతనే గది పొరుగువాని వైపునకు ముందుకు జరుగుట అనునది ప్రధాన సమస్య అయ్యెను. నేటి నిబంధనలలో పెక్కు ఈ బంగళాను మనస్సున ఉంచుకొని వ్రాసినవే అని ముందుగా గుర్తుంచుకొనవలెను.

అర్థశాస్త్రమునందలి గృహవాస్తుకము

అర్థశాస్త్రమున మూడవ అధికరణము ధర్మస్థీయము. అందు ఎనిమిదవ అధ్యాయము మొదలుకొని వాస్తు విషయము నడచును. అచ్చట వాస్తువనగా ఇల్లు మాత్రమే కాదు. పొలము, తోట, సేతువు, చెఱువు ఇవి అన్నియు వాస్తువే. తరువాతి కాలమున ఈ పదము దిక్కులకును, ఆయపు లెక్కలకును పరిమితమైపోయినది గాని, కౌటిల్యునికి అది స్థిరాస్తిని గూర్చిన వ్యవహార పదము.

గృహవాస్తుకమున చెప్పిన విషయములు నేటి పాఠకునకు ఆశ్చర్యము కలిగించునంత సూక్ష్మములు. పరుల నేలను ఆక్రమింపక పునాది వేయవలెను. మురుగునీటి దారిని ఇంత దూరమున ఉంచవలెను. తప్పినచో 54 పణముల దండన. బండ్లకును పశువులకును, నిప్పునకు, నీటికుండకు, తిరుగలికి తగిన స్థానము ఉండవలెను. తప్పినచో 24 పణములు. రెండు ఇండ్ల నడుమ గాని, ముందుకు పొడిచిన రెండు సాలల నడుమ గాని ఒక కిష్కువు లేదా మూడు పదముల ఎడము ఉండవలెను. పదము 14 అంగుళముల కొలత. అనగా మూడు పదములు 42 అంగుళములు. ఆ కాలపు అంగుళము నేటి ఇంచిలో ముప్పాతిక భాగమని లెక్కించినచో ఈ ఎడము సుమారు 80 సెంటీమీటర్లు, రెండున్నర అడుగులకు కొంచెము ఎక్కువ. చూరుల నడుమ నాలుగు అంగుళముల సందు ఉండవచ్చును, లేదా ఒకదానిపై నొకటి ఎక్కవచ్చును. వెలుతురునకై పైభాగమున చిన్న కిటికీ పెట్టుకొనవచ్చును. ఇతరులకు బాధ కలిగించునట్లు ద్వారమును గాని కిటికీని గాని పెట్టరాదు. బాలింత అవసరమునకై త్రవ్విన గుంటకు పది దినములవఱకు మినహాయింపు కలదు. మన పురిటిల్లు జ్ఞప్తికి వచ్చునట్టి ఈ మినహాయింపు, శాసనకర్త గృహజీవితమును దగ్గఱనుండి చూచినవాడని తెలుపుచున్నది.

ఇంత వివరముగా హద్దులు చెప్పిన ఈ అధ్యాయమున, కట్టుటకు ముందు రాజపురుషునికి పటమును చూపి అనుమతి పొందవలెనను విధి లేదు. శాసనము పనిచేయునది తగాదా వచ్చిన తరువాత. ఆ తగాదాలో ప్రమాణము ఎవరు? ఇరుగుపొరుగువారైన సామంతులు. వాస్తు వివాదములు వారి మాటపై ఆధారపడునని ఆ అధ్యాయము మొదటనే చెప్పబడినది. అంతేకాదు, ఇండ్లవారు కలిసి ఒప్పుకొన్నచో తమకు ఇష్టమైన రీతిని కట్టుకొనవచ్చును, అనిష్టమైనదానిని మాత్రము వారించుకొనవలెను. అనగా నియమమును సడలించు అధికారము రాజునకు గాక పొరుగువారి సమ్మతికి ఇయ్యబడెను. అర్థశాస్త్రమునందలి ఈ అంశమే మా దృష్టిలో అన్నింటికంటె విలువైనది. సాధారణముగా అర్థశాస్త్రమును పొగడువారు విడిచిపెట్టునదియు ఇదియే.

కాగా, నేటి పురపాలక నిబంధనలు ఇందుండి పుట్టినవని చెప్పుటకు వీలు లేదు. మైసూరులో శామశాస్త్రిగారు అర్థశాస్త్రమును ముద్రించి ప్రకటించినది 1909లో. బొంబాయి పురపాలక చట్టము 1888 నాటిది. మదరాసు రాజధానిలోని జిల్లా పురపాలక చట్టము 1884లో వచ్చినది. ఈ చట్టములను వ్రాసినవారి చేతిలో కౌటిల్యుని గ్రంథము లేదు. పోలిక వేఱు, వంశము వేఱు. ఇండ్లు దగ్గఱ దగ్గఱగా కట్టుకొను ఏ జనసమూహమైనను నీరు, నిప్పు, వెలుతురు, సందు అను నాలుగింటిని గూర్చి నియమములు చేసికొనక తప్పదు. పోలికకు కారణము అదియే.

గోడనుండి గదికి

మన చట్టముల వంశవృక్షమును వెదకుచు పోయినచో లండను నగరమునకు చేరుదుము. 1666లో ఆ నగరము కాలిపోయెను. 1667లో చేసిన పునర్నిర్మాణ చట్టము ఇండ్లను నాలుగు తరగతులుగా విభజించి, ఇటుకతోగాని రాతితోగాని కట్టవలెనని శాసించెను. 1774 నాటి చట్టమున ఆ తరగతులు ఏడు అయ్యెను. ఈ కాలమంతయు చట్టము చూచినది గోడను. ఒక ఇంటి మంట మఱియొక ఇంటికి పోకుండ ఆపునది గోడ గనుక, దాని మందము, ఎత్తు, రెండు ఇండ్లకు ఉమ్మడియైన గోడపై ఇరువురి హక్కులు, ఇవియే ఆ చట్టముల సారము.

పాత ఇంటికి చేసిన చేర్పును గూర్చి స్పష్టమైన వాక్యము 1855 నాటి లండను మహానగర కట్టడముల చట్టమున కనబడును. పాత కట్టడమునకు చేయు మార్పు గాని చేర్పు గాని, ఆ మేరకు చట్టపు నిబంధనలకు లోబడవలెను. బయటి గోడను గాని, ఉమ్మడి గోడను గాని తాకని అవసరమైన మరమ్మతునకు మాత్రము మినహాయింపు అని దాని భావము. ఈ వాక్యమును గుర్తుంచుకొనవలెను. దీని పాఠాంతరము మనకు మదరాసులో కనబడనున్నది.

ఇంతలో చట్టపు భయము నిప్పునుండి రోగమునకు మాఱెను. పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లదేశపు నగరములను పీడించిన కలరా మొదలైన వ్యాధులకు చెడుగాలియే కారణమని అప్పటివారు తలచిరి. సిద్ధాంతము తప్పే గాని దానినుండి వచ్చిన నియమములలో మేలు కలదు. 1875లో ప్రజారోగ్య చట్టము వచ్చెను. 1877లో ప్రకటించిన ఆదర్శ ఉపనిబంధనలు ఇంటి వెనుక ఖాళీ స్థలమును, గది వైశాల్యమున పదియవ వంతు కిటికీని కోరెను. ఇట్లు శాసనపు కొలమానము గోడ కాక గది అయ్యెను. గోడ నిప్పును ఆపవలెను. గది ఊపిరి పీల్చవలెను.

బొంబాయిలో ఈ ఆలోచనకు కఠినమైన పరీక్ష వచ్చినది. 1896లో అచ్చట ప్లేగు బయలుదేఱెను. 1898లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడెను. అంతస్తుపై అంతస్తు వేసి కట్టిన చాళ్లలో క్రింది గదులకు ఆకాశమే కనబడదని ఆ సంస్థ అధికారులు గుర్తించి, 63½ డిగ్రీల నియమమును ముందుకు తెచ్చిరి. కట్టడపు ఎత్తు దాని ఎదుటి ఖాళీ స్థలపు వెడల్పునకు రెండింతలు మించరాదని దాని ఫలితార్థము. మేడపై ఒక గది ఎత్తినచో ఎదుటి ఇంటి క్రిందిగది చీకటి అగునను అనుభవమును ఈ నియమము ఒక కోణముగా మార్చెను.

మదరాసు రాజధానిలో

కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసు రాజధానిలోనివి. 1882 నాటి సుఖానుభవ హక్కుల చట్టము మొదట వర్తించిన ప్రాంతములలో ఈ రాజధాని యొకటి. ఇరువది సంవత్సరములు ఎడతెగక అనుభవించిన గాలి వెలుతురులు ఆ ఇంటికి హక్కు అగునని ఆ చట్టము చెప్పెను. కావున ప్రక్కవాడు వేయు గది తన పాత కిటికీని మూయునేని ఇంటివాడు సివిలు న్యాయస్థానమునకు పోవచ్చును. గణనీయమైన నష్టమును మాత్రము నిరూపింపవలెను. ప్రక్క ఇంటివానికి ఇది ఒక ఆయుధము. కాని ఇరువది సంవత్సరముల అనుభవమును, వ్యాజ్యపు ఖర్చును భరింపగలవానికే అది ఆయుధము.

1920లో మదరాసు జిల్లా పురపాలక చట్టము, మదరాసు పట్టణ నిర్మాణ చట్టము, స్థానిక సంస్థల చట్టము ఒకే సంవత్సరమున వచ్చెను. దానికి ముందు 1914, 1915 సంవత్సరములలో పాట్రిక్ గెడ్డిస్ ఈ రాజధానిలోని పట్టణములను చూచి నివేదికలు వ్రాసియుండెను. పాత పేటలను కూల్చి తిన్నని వీధులు తీయుటకంటె, ఉన్న ఇండ్లను వీలైనంత నిలిపి, అవసరమైన చోట మాత్రమే తొలగించుట మేలని ఆయన వాదము. ఇంటికి చేర్పులు అనునవి ఆయన దృష్టిలో పట్టణపు జీవలక్షణములు. చట్టము మాత్రము వేఱు దారిని నడచెను.

జిల్లా పురపాలక చట్టమున క్రొత్త కట్టడమునకు దరఖాస్తు, స్థలపు పటము, కట్టడపు పటము, వివరణపత్రము కావలెను. గుడిసెలకు విడిగా తేలిక పద్ధతి ఏర్పఱచిరి. గడ్డి, ఆకులు, చాపలు మొదలగు మండు పదార్థములతో బయటి కప్పును గాని పందిరిని గాని అనుమతి లేక వేయరాదని చెప్పిరి. లండను నాటి నిప్పు భయము ఇచ్చట పూరిల్లుగల పేదవానిపై పడెను. ఇంటికి చేర్పును గూర్చి ఈ చట్టము వేఱు ప్రకరణము వ్రాయలేదు. కట్టుటను, తిరిగి కట్టుటను గూర్చిన నిబంధనలు మార్పునకును చేర్పునకును వర్తించునని ఒక్క వాక్యమున చెప్పి, దానికి ఒక మినహాయింపును జతపఱచెను. కట్టడపు స్థానమును, కొలతలను గాని, అందలి ఏ గది స్థానమును, కొలతలను గాని మార్పని అవసరమైన మరమ్మతు చేర్పు కాదని ఆ మినహాయింపు.

ఇప్పుడు 1855 నాటి లండను పాఠమును, 1920 నాటి మదరాసు పాఠమును ప్రక్క ప్రక్కన ఉంచి చూడవలెను. వాక్యపు నడక ఒక్కటియే. ‘అవసరమైన మరమ్మతు’ అను మాటయు ఒక్కటియే. మాఱినది కొలమానము మాత్రమే. అచ్చట బయటి గోడ, ఉమ్మడి గోడ, ఇచ్చట గది. ప్రతులను సరిపోల్చి పాఠభేదమునుండి కాలభేదమును ఊహించుట మన విద్యార్థులకు పరిచితమైన పద్ధతి. చట్టములకును ఆ పద్ధతి పనికివచ్చుననుటకు ఇది చక్కని నిదర్శనము. నిప్పు భయమునుండి రోగ భయమునకు జరిగిన మార్పు ఈ ఒక్క పదమున నిలిచియున్నది. ఫలితము గూడ చిన్నది కాదు. లండను వాక్యము ప్రకారము లోపలి అడ్డుగోడను జరిపి ఒక గదిని రెండు చేసికొన్నవాడు మినహాయింపు కోరవచ్చును. మదరాసు వాక్యము ప్రకారము గది కొలత మాఱినది గనుక వాడును దరఖాస్తు పెట్టవలసినవాడే.

మరమ్మతో చేర్పో తేలని సందర్భమున ప్రశ్నను పురపాలక సభకు నివేదింపవలెననియు, సభ నిర్ణయమే తుది అనియు ఆ చట్టము చెప్పెను. దరఖాస్తుపై కార్యనిర్వాహక అధికారి 30 దినములలో నిర్ణయము చేయవలెను. చేయనిచో దరఖాస్తుదారు సభను కోరవచ్చును. సభయు ఒక నెలలో తేల్చనిచో అనుమతి ఇచ్చినట్లే భావింపవలెను. అయినను నిబంధనలను మీఱి కట్టుటకు ఆ భావన లైసెన్సు కాదు. అధికారి మౌనము గృహస్థుని శిక్షింపరాదను ఈ సూత్రము ఆ చట్టములోని మంచి భాగము. కాని ఇందు ఎచ్చటను దరఖాస్తు వచ్చినదని ప్రక్క ఇంటివానికి తెలుపవలెనను మాట లేదు. అర్థశాస్త్రమున మొదటి వాక్యమున నిలిచిన పొరుగువాడు ఇచ్చట దృశ్యమునుండి తొలగెను. అతని తరఫున గాలి వెలుతురులను కాపాడు బాధ్యతను పురపాలక సంఘము తానే వహించెను.

హైదరాబాదులో

హైదరాబాదు దారి వేఱు. సాలార్జంగు పాలనలో 1869లో నగరపాలనము ఏర్పడెను. 1886లో చాదర్‌ఘాటు వేఱు పురపాలక సంఘము అయ్యెను. 1933లో రెండును కలిసి కార్పొరేషను అయ్యెను. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన వరదలో నగరము నాశనమయ్యెను. 1909లో విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. వరదను ఆపుటకు ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు నిర్మింపబడెను. ఇరుకు పేటలను బాగుచేయుటకు 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. వరదయు, తరువాత ప్లేగును, గదిలోనికి గాలి రావలెనను బొంబాయి పాఠమును ఇచ్చటికిని తెచ్చెను.

స్వాతంత్ర్యానంతరము చేసిన హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టము 1955 నాటిది. దీని నడక బొంబాయి నడక. 1888 నాటి బొంబాయి చట్టమున క్రొత్త కట్టడపు నోటీసు 337వ సెక్షను, చేర్పుల నోటీసు 342వ సెక్షను. హైదరాబాదు చట్టమున క్రొత్త కట్టడము 428వ సెక్షను, చేర్పులు 433వ సెక్షను. మదరాసు చట్టము చేర్పును క్రొత్త కట్టడముతో కలిపివేసినది. బొంబాయి, హైదరాబాదు చట్టములు దానిని వేఱు కార్యముగా గుర్తించినవి. ఇందును మౌనమునకు గడువు కలదు. 30 దినములలో కమిషనరు నిరాకరణమును తెలుపనిచో పని సాగింపవచ్చును. ఒక చోట గృహస్థుడు అనుమతిని ‘అడుగును’, మఱియొకచోట తన ఉద్దేశమును ‘తెలుపును’. ఆచరణలో రెండును ఒక్కటిగనే నడచినను, శాసనపు భాషలో ఈ రెండు క్రియల నడుమ పౌరుని స్థితి భేదము కలదు. తెలంగాణములో నక్షా, ఇజాజత్ అను మాటలును, కోస్తాలో ప్లాను, పర్మిషను అను మాటలును నిలిచియుండుట ఈ రెండు పాలనల జాడయే.

రాష్ట్రము ఏర్పడిన తరువాత ఈ రెండు పాయలు కలిసెను. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘముల చట్టము, ఆంధ్ర ప్రాంతమున 1920 నాటి చట్టమును, తెలంగాణ ప్రాంతమున 1956 నాటి జిల్లా పురపాలక చట్టమును తొలగించి ఒక్కటే శాసనమును తెచ్చెను. ఇక కార్పొరేషన్ల విషయమున ప్రవాహము ఎదురు దిక్కున పాఱెను. 1979లో విశాఖపట్టణము, 1981లో విజయవాడ కార్పొరేషన్లు అయినప్పుడు హైదరాబాదు చట్టమునే వానికి వర్తింపజేసిరి. బొంబాయిలో పుట్టి హైదరాబాదునకు వచ్చిన పాఠము ఇట్లు కృష్ణాతీరమునకును సముద్రతీరమునకును చేరెను.

కొలతలు, స్వయంధ్రువీకరణము

1970లో భారతీయ ప్రమాణముల సంస్థ జాతీయ కట్టడ స్మృతిని ప్రకటించెను. 1983, 2005, 2016 సంవత్సరములలో దానిని సవరించిరి. అది స్వయముగా చట్టము కాదు. రాష్ట్రములు తమ నిబంధనలలో స్వీకరించినమేరకు దానికి బలము కలుగును. నివాసయోగ్యమైన గది ఎట్లుండవలెనో అది అంకెలలో చెప్పెను. ఇంట ఒకే గది ఉన్నచో అది 9.5 చదరపు మీటర్లకు తగ్గరాదు, వెడల్పు 2.4 మీటర్లు ఉండవలెను. రెండు గదులు ఉన్నచో రెండవది 7.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.1 మీటర్లు ఉండవచ్చును. ఎత్తు 2.75 మీటర్లు. కిటికీల వైశాల్యము పొడి వేడిగల చోట నేల వైశాల్యమున పదియవ వంతు, తేమ వేడిగల చోట ఆఱవ వంతు. ఆంగ్లదేశపు పదియవ వంతు మన సముద్రతీరమున చాలదని గుర్తించిన ఈ సవరణ, పరాయి పాఠమును మన వాతావరణమునకు అనువుగా దిద్దుకొన్నదానికి ఉదాహరణము.

గదికి ఊపిరి మాత్రమే కాదు, నిలుకడయు కావలెను. ఒక అంతస్తునకని వేసిన పునాదిపై రెండవ అంతస్తు గది ఎత్తుట గృహస్థునకు చౌకగా తోచును. కాని గోడ బరువు, కప్పు బరువు, నీళ్లతొట్టి బరువు అన్నియు పాత నేలమీదనే పడును. భూకంపమునకు తట్టుకొను రూపకల్పనమును గూర్చిన భారతీయ ప్రమాణము 1962లోనే వెలువడినది. పాత ఇంటికి చేర్పు చేయువారు ఇంజనీరు చేత పునాదిని పరీక్షింపజేయవలెననుట ఈ దృష్టితో చూచినచో కార్యాలయపు తంతు కాదు, ప్రాణరక్షణము.

ఆంధ్రప్రదేశమున 2012 నాటి కట్టడ నిబంధనలు స్థల వైశాల్యమును బట్టి విడువవలసిన ఖాళీని నిర్ణయించెను. 100 నుండి 200 చదరపు మీటర్ల స్థలమున ముందువైపు గాక తక్కిన వైపుల 1 మీటరు విడువవలెనని అందు కలదు. కౌటిల్యుని మూడు పదములు రెండు ఇండ్లకును ఉమ్మడియైన సందు. ఈ మీటరు ప్రతి ఇంటివాడును తన వైపున విడువవలసినది. కొలతలు దగ్గఱగనే ఉన్నను భావము వేఱు. మొదటిది ఇరువురి నడిమి ఒడంబడిక. రెండవది ఒక్కొక్కరికి ప్రభుత్వముతోడి ఒడంబడిక.

ఈ ఒడంబడిక తఱచుగా భగ్నమైనదని ప్రభుత్వమే ఒప్పుకొన్న సందర్భములు కలవు. 2007 డిసెంబరు 31న ప్రకటించిన పథకము, 1985 జనవరి 1 నుండి 2007 డిసెంబరు 15 వఱకు అనుమతి లేక, లేదా అనుమతిని మీఱి కట్టిన కట్టడములను రుసుముపై క్రమబద్ధము చేయుటకు ఉద్దేశింపబడెను. రాష్ట్ర విభజనానంతరము 2015లో రెండు రాష్ట్రములును ఇట్టి పథకములను తెచ్చెను. రుసుము ప్రభుత్వమునకు చేరును. వెలుతురు పోయినది ప్రక్క ఇంటివానికి. ఈ లెక్క సరిపోవునదేనా అని అడుగవలసియున్నది.

2020లో తెలంగాణ చేసిన కట్టడ అనుమతుల చట్టము మఱియొక మలుపు. 75 చదరపు గజములవఱకు గల స్థలమున 7 మీటర్ల ఎత్తునకు మించని ఇంటికి అనుమతి అక్కఱలేదు. ఒక రూపాయితో నమోదు చేసికొన్న చాలును. 500 చదరపు మీటర్లవఱకు, 10 మీటర్ల ఎత్తువఱకు యజమాని స్వయంధ్రువీకరణముపై వెంటనే అనుమతి. అంతకు మించినవానికి 21 దినముల గడువు. అబద్ధపు ధ్రువీకరణముతో కట్టినదానిని నోటీసు లేకయే కూల్చు అధికారమును గూడ ఆ చట్టము ఇచ్చెను. 1920లో అధికారి మౌనము అనుమతి. 2020లో గృహస్థుని మాటయే అనుమతి. నూఱు సంవత్సరములలో నమ్మకము కార్యాలయమునుండి పౌరునికి జరిగినది. చిన్న స్థలము గలవానికి ఇది నిజమైన మేలు. 75 గజముల నేలలో గది వేసికొనువాడు పటములకును తిరుగుళ్లకును వెచ్చించు ధనము గది ఖర్చులో గణనీయమైన భాగము కాగలదు.

అయినను మా మూడవ ప్రశ్న మిగిలియే యున్నది. యజమాని తనకు తాను ధ్రువీకరించుకొనునప్పుడు, ఆ గదివలన ఎవని కిటికీ మూతపడునో వానికి ఏ దశలో మాట కలదు? కట్టిన తరువాత ఫిర్యాదు చేయుటకు కలదు. వ్యాజ్యము వేయుటకు కలదు. కట్టుటకు ముందు లేదు. కూల్చుట అనునది పొరుగువారి నడుమ వైరమును స్థిరపఱచునే గాని వెలుతురును సులభముగా తిరిగి తేదు. చిన్న స్థలములలోనే ఇండ్లు మిక్కిలి దగ్గఱగా ఉండును. పరిశీలన మినహాయింపు పొందినవియు ఆ స్థలములే. అనగా పొరుగువాని మాట అత్యవసరమైన చోటనే అతని తరఫున చూచువాడు తొలగిపోయెను.

ఉపసంహారము

ఇంతవఱకు చెప్పినదానిని సంగ్రహింతము. ఇంటికి గదిని చేర్చుటపై హద్దులు మన దేశమునకు క్రొత్త కావు. ముందుగా పటము చూపి అనుమతి పొందుట మాత్రము లండను, బొంబాయి, మదరాసు మార్గమున వచ్చినది. కొలమానము మొదట గోడ, తరువాత గది. అనుమతి ఇచ్చు అధికారము పొరుగువారి సమ్మతినుండి పురపాలక సభకు, కమిషనరునకు, చివరకు గృహస్థుని స్వంత ధ్రువీకరణమునకు మాఱెను. ఈ మార్పులలో పొరుగువాడు క్రమముగా సాక్షినుండి ఫిర్యాదుదారుగా దిగజాఱెను.

స్వయంధ్రువీకరణమును విడువవలెనని మేము చెప్పుటలేదు. దానిప్రక్కన, గది వేయుటకు ముందు ఇరుగుపొరుగువారికి ఒక తెలియజేత, వారి ఆక్షేపణకు కొన్ని దినముల గడువు ఉన్నచో చాలును. సభకు భారము లేదు, గృహస్థునకు ఖర్చు లేదు. వాస్తు వివాదమునకు సామంతుల మాట ప్రమాణమన్న శాసనకర్తకు ఈ సూచన పరాయిదిగా తోచదు. గాలి వెలుతురుల కొఱకు గదిని కొలిచిన తరువాతి శాసనకర్తలకును అది విరుద్ధము కాదు.

పరిశోధక విద్యార్థులు చేయదగిన పని ఇందు చాల కలదు. చట్టముల తెలుగు అనువాదములలో ‘చేర్పు’, ‘మార్పు’, ‘మరమ్మతు’ అను మూడు మాటలను ఏ ఏ కాలమున ఎట్లు వాడిరో పరిశీలించుట ఒకటి. ఇంటి భాగములకు, కప్పుల తీరులకు, చూరు తగాదాలకు జిల్లా జిల్లాలోను ఉన్న వాడుక పదములను సేకరించుట మఱియొకటి. మండువా లోగిళ్లు, మిద్దెలు వేగముగా తగ్గిపోవుచున్న ఈ కాలమున రెండవ పని ఆలస్యమునకు తాళదు.